ఇస్తారి కంకణం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మందమర్రి కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముప్పై అయిదేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఎవరైనా తప్పు చేస్తుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. రాయబోయేది ఇస్తారి గురించే అయినా ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే డెబ్బై ఒక్కేళ్ల ఆ మనిషిని, మా బాపును చావు నోట్లోంచి లాక్కొచ్చిన ఆ మనిషిని, పదిమంది ముందర నేను అనరాని మాట అన్నాను. నోరు జారితే తీసుకోలేం. అందుకే ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అసలు సంగతి ఒక బీరువాతో మొదలైంది. మా కాలనీ కమ్యూనిటీ హాలుకు రంగులు వేస్తూ, మూలనున్న ఇనుప బీరువా ఖాళీ చేయమని నాకు కబురు పెట్టారు. పాత పేపర్లు, చెదలు తిన్న రిజిస్టర్ల కింద ఆరు చిన్న పుస్తకాలు దొరికాయి. కరీంనగర్‌లో ఎప్పుడో అచ్చయినవి. ఒక్కోటి అరవై, డెబ్బై పేజీలు. అన్నిటి మీదా ఒకటే పేరు: దూడం భూమన్న, మంథని. అన్నీ యక్షగానాలే.

యక్షగానమంటే మాట తక్కువ, పాట ఎక్కువ. రాజు సభకు వచ్చినా పాటతోనే వస్తాడు, రాణి అలిగినా పాటతోనే అలుగుతుంది. భూమన్న మంథనిలో మగ్గం నేసేవాడు. నేత పని లేని రోజుల్లో పాటలు కట్టి, తాళాలు కుదిర్చి, మనుషుల్ని పోగేసి, గోదావరికి అటూ ఇటూ ఊళ్లలో ఆటలు ఆడించాడు. ఆయన ఆటలంటే మా అవ్వ పని ఎక్కడిదక్కడ వదిలేసి పోయేదని నాకు గుర్తుంది. అలాంటివాడి పుస్తకాలు తూకానికి పోబోతున్నాయంటే నాకు ఒళ్లు మండింది. వాటిని కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చాను.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే ప్రేమ్‌సాగర్ నా దగ్గర అయిదో తరగతి చదివినవాడే. పిలిచి చూపించాను. "టీచర్, నెలకో పుస్తకం పెట్టుకుందాం. నేను మాట్లాడుత, అందరం కలిసి చదువుదాం" అన్నాడు. సరేనన్నాను. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున పదింటికి, కమ్యూనిటీ హాలు, చాయ్ నా ఖర్చు అని వాట్సాప్‌లో పెట్టాం.

మొదటి ఆదివారం వచ్చింది తొమ్మిది మంది. అందులో ఇద్దరు కూలర్ కోసం వచ్చారు. ప్రేమ్‌సాగర్ గంటసేపు బాగా మాట్లాడాడు. తర్వాత పాటలు చదవబోతే మాత్రం తాడెక్కడో బొంగరమెక్కడో అన్నట్టయింది. పుస్తకంలో రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అవి ఎలా పాడాలో మాకెవరికి తెలుసు? పేపర్లో వార్త చదివినట్టు చదువుతున్నాం. కూలర్ కోసం వచ్చిన ఇద్దరూ నిద్రపోయారు.

అప్పుడు వెనక బెంచీ మీద పేపర్ తిరగేస్తున్న ఇస్తారి, తల ఎత్తకుండానే అన్నాడు.

"గట్ల కాదు సారూ. జర ఆగుండ్రి."

పేపర్ మడిచి మోకాలి మీద పెట్టి, దాని మీదే వేళ్లతో దరువు వేస్తూ పాడాడు. గొంతు బొంగురు. పైకి వెళ్లే చోట కాస్త పగిలింది కూడా. కానీ ఆ చచ్చిన అక్షరాలు లేచి కూర్చున్నాయి. అలిగిన రాణి ఎవరిమీద అలిగిందో, ఎంత అలిగిందో మాకు అర్థమైపోయింది. నిద్రపోయిన ఇద్దరూ లేచి ముందు కుర్చీల్లోకి వచ్చారు. ప్రేమ్‌సాగర్ నోట్సు మూసేసి నేలమీద కూర్చున్నాడు.

ఇస్తారి గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. చదువు రెండో తరగతి. సన్నటి మనిషి, ఎడమ భుజం కాస్త వంగి ఉంటుంది. ఎడమ చేతికి ఎప్పుడూ పసుపు దారం. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకోటి కట్టీ కట్టీ అది వేలంత లావయింది. ఏదో మొక్కు కాబోలు అనుకునేవాళ్లం. "ఇంత పెద్ద మొక్కా ఇస్తారన్నా, ఏ దేవుడిదో" అని నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను. నవ్వి ఊరుకునేవాడు.

వయసులో ఉన్నప్పుడు భూమన్న మేళంలో ఆడవేషాలు కట్టేవాడట. గనిలో మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, ముఖానికి పసుపు రంగు పూసుకుని రాణి అయ్యేవాడు.

ఇక మా బాపు సంగతి. ఎనభై ఆరులో నాకు ఇచ్చోడలో ఉద్యోగం కొత్త. ఒక ఆదివారం సాయంత్రం ఇక్కడ గనిలో కప్పు కూలింది. ముగ్గురు చిక్కుకున్నారు. అందులో ఒకరు మా బాపు. ఆ ఘడియలో కాలనీలో భూమన్న ఆట నడుస్తోంది. సైరన్ వినగానే ఇస్తారి వేషంతోనే పరుగెత్తి, చీర గోచీ పెట్టి గనిలోకి దిగాడు. ఇద్దరిని సజీవంగా బయటికి తెచ్చారు. ఓంప్రకాశ్ అనే ఉత్తరాది పిల్లగాడు దక్కలేదు. మా బాపు ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికాడు, నా పెళ్లి చేశాడు, మనవల్ని ఎత్తుకున్నాడు. "చీకట్ల కండ్లు తెరిస్తె గాజులు చప్పుడైనయి బిడ్డా. లక్ష్మి వచ్చి చెయ్యి పట్టి గుంజింది" అని చెప్పని రోజు లేదు. కాబట్టి ఇస్తారికి నేనెంత రుణపడి ఉన్నానో నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను.

ఆర్నెల్లు ఆరు పుస్తకాలు చదివాం. తొమ్మిది మంది నలభై అయ్యారు. ప్రేమ్‌సాగర్ కథ చెబుతాడు, ఇస్తారి పాడతాడు, మిగతావాళ్లు వంత అందుకుంటారు. మధ్యలో వాదనలు. రాణి అలగడం తప్పా ఒప్పా అని ఒకసారి గంటన్నర కొట్లాడుకున్నాం, ఎవరూ తగ్గలేదు. ఎనభై నాలుగేళ్ల శంకరవ్వ మనవరాలి చేయి పట్టుకుని ప్రతి నెలా వచ్చేది. పుస్తకం చదవడమంటే గుడ్లప్పగించి అక్షరాలు చూడడం కాదని, ముప్పై అయిదేళ్లు పుస్తకాలు చెప్పిన నాకు ఇస్తారి దగ్గర తెలిసొచ్చింది.

గురువు మాట వస్తే ఆయన ముఖం వెలిగిపోయేది. "బొగ్గు మోసేటోని గొంతు గిది, దీంట్ల పాటున్నదని ఎవలన్న అనుకుంటరా టీచరమ్మా? భూమన్న గురువు అన్నడు. మగ్గం కాడ కూసోవెట్టుకొని, నాడె ఇటటు ఆడుతుంటె దాని దెబ్బకు నాతోని తాళం ఏయించిండు. గనిల దీపం ఆరిపోయినా నాకు పాట ఉండె. ఎప్పుడు పరేషాన్ కాలే" అనేవాడు.

ఆరో పుస్తకం అయిపోయాక మంథని నుంచి ఫోన్ వచ్చింది. భూమన్న మనవరాలు హర్షిణి. అక్కడ చీరలకు ఫాల్ కుట్టే దుకాణం నడుపుకుంటోంది. మా ఆదివారాల వీడియోలు ఎలాగో ఆమె ఫోన్‌కు చేరాయట. "తాత పాటలు ఇంకా ఎవలన్న పాడుతరని మాకు తెల్వదమ్మా. మీకు దండం పెడుత. అచ్చు కాని ఆట ఇంకోటి నా దగ్గరున్నది, నోటుబుక్కుల" అంది. ఫోటోలు తీసి పంపింది. దాని పేరు పాతాళలక్ష్మి పరిణయం.

చదివి నేనూ ప్రేమ్‌సాగరూ ఇద్దరం నోరెళ్లబెట్టాం. భూదేవి కూతురు పాతాళలక్ష్మి నల్లగా ఉందని రాజులందరూ ఎగతాళి చేసి పోతారు. చివరికి చేత దీపం పట్టుకుని భూమిలోకి దిగిన ఒక కూలివాడు ఆమెను చూసి, నీ అంత చక్కనిది లేదంటాడు. బొగ్గునే పెళ్లికూతుర్ని చేశాడు భూమన్న. ఆ ఎనభై ఆరు ఆదివారం ఆడుతున్న ఆట అదే, ఇస్తారి కట్టిన వేషం ఆ లక్ష్మిదే. ఒక్కసారే ఆడారు, అదీ సగంలో ఆగింది. ఫోటోల్లోనూ పెళ్లి దాకా ఉంది కానీ ఆట చివర పాడే మంగళం లేదు. ఆట అసంపూర్ణమేనని ప్రేమ్‌సాగర్ తేల్చాడు.

"ఆఖరి ఆదివారం మా ఇంటి కాడ వెట్టుకుందాం. తాత నేసిన మగ్గం గుంత ఇంకా అట్లనే ఉన్నది" అని పిలిచింది హర్షిణి. హాల్లో అందరికీ చెప్పాను. ఒక మినీబస్సు మాట్లాడదామన్నాను. అందరూ సంబరపడ్డారు. ఇస్తారి ఒక్కడే పేపర్లోంచి తల ఎత్తలేదు.

"ఏమన్నా, మీ గురువింటికి పోతున్నాం. ముందు సీటు నీదే" అన్నాను.

"నేను రాను టీచరమ్మా. మీరు పోయి రాండ్రి."

"పానం బాగా లేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి?"

"రాను. గంతే."

ఆ మాటకే నాకు మండింది. ఈయన ఊరు దాటి ఎక్కడికీ పోడని కాలనీలో అందరికీ తెలుసు. ప్రమోషన్ ఇచ్చి శ్రీరాంపూర్ పొమ్మంటే వద్దన్నాడు. పెద్దపల్లిలో చెల్లెలి పెళ్లికి పోలేదు. కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ పొమ్మంటే, ఇక్కడికి క్యాంపు వచ్చేదాకా రెండేళ్లు గుడ్డిగా కూర్చున్నాడు. నూతిలో కప్ప అని వెనక నవ్వుకునేవారు. కానీ గురువింటికి కూడా రాననడమా? ఆర్నెల్లుగా గురువు గురువు అని మురిసిపోయినవాడు?

"పాట నేర్పినాయన ఇంటి గడప తొక్కనంత గొప్పోడివైనవా? చేసిన మేలు మర్చిపోయేటోడిని ఏమంటరో నీకు తెలుసు ఇస్తారన్నా. విశ్వాసం లేదంటరు" అన్నాను, అందరూ వింటుండగా.

ఆయన నన్ను చూశాడు. పేపర్ మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు. నేను గెలిచానని అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇస్తారి భార్య సారక్క మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గరే నిలబడింది.

"నా మొగన్ని నలుగుట్ల విశ్వాసం లేనోడంటివట చెల్లె. ముప్పై ఎనిమిదేండ్ల సంది ఒట్టేయించి నా నోరు మూసిండు. ఇయ్యాల ఒట్టు పోతె పోనీ. ఇను."

ఆమె చెప్పింది విన్నాను. వింటూ నేను గడప మీద కూర్చున్నాను.

భూమన్న మేళానికి ఒక నియమం ఉంది. ఆట మొదలుపెట్టే ముందు గురువు ముఖ్య వేషం వేసేవాడి చేతికి పసుపు దారంతో కంకణం కడతాడు. ఆట ముగిసి మంగళం పాడాక మళ్లీ గురువే విప్పుతాడు. కంకణం చేతికున్నన్నాళ్లూ ఆ మనిషి ఊరి పొలిమేర దాటకూడదు. విప్పించుకోవడానికి గురువు దగ్గరికి కట్టించుకున్నవాడే తమలపాకులు పట్టుకుని పోవాలి గానీ, గురువు వాడి దగ్గరికి రాకూడదు, కబురూ పెట్టకూడదు. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆట ఆడిన ఊళ్లోనే, తెల్లారేసరికి అన్నీ అయిపోయేవి.

ఆ ఆదివారం మాత్రం మంగళం పాడకుండానే ఇస్తారి లేచిపోయాడు. గనిలో ఎడమ భుజం ఎముక విరిగి తొమ్మిది రోజులు ఇక్కడి గని ఆస్పత్రిలోనే పడున్నాడు. చావు జరిగిన కాలనీలో మద్దెలతో ఉండకూడదని పెద్దలు చెబితే, భూమన్న మర్నాడు పొద్దున బస్సుకే మంథని వెళ్లిపోయాడు. కంకణం ఇస్తారి చేతికే ఉండిపోయింది.

"గురువు ఆస్పత్రికి రాలేదంటె కోపమొచ్చిందనుకున్నడు మా ఆయన. పెండ్లి పాట కాడ ఆటను చెడగొట్టిన, నా మొఖం ఎట్ల సూస్తడు అనుకున్నడు. పోయి కాళ్ల మీద పడుదామంటె చేతికి కంకణం. ఊరు దాటరాదు. ఇంకో ఆట పట్టుకొని ఈ ఊరికి ఇయ్యాల వస్తడు, రేపు వస్తడు అని ఎదురుసూసిండు. ఎనిమిది నెలలకు గురువు సచ్చిపోయిండని తెలిసింది. ఇగ ఎవలు విప్పాలె?"

"నువ్వన్నా విప్పరాదా? దారమే కదా అక్కా" అన్నాను. అంటూనే నాకు సిగ్గేసింది.

"అన్న. వంద మాట్లన్న. కట్టిన చెయ్యన్న విప్పాలె, గా ఇంటి చెయ్యన్న విప్పాలె అంటడు. గా ఇంటికి కబురు పంపుమంటె, ఆట చెడగొట్టినోన్ని, ఏ మొఖం వెట్టుకొని పంపాలె అంటడు. దారం పాతగైతె దాని మీదనే కొత్తది కడుతడు. మా అన్న కొడుకు పెండ్లికి నేనొక్కదాన్నే పోయిన. మేడారం ఒక్కదాన్నే పోయిన. గీ మనిషితోని కలిసి బస్సెక్కి నేను ఊరు దాటింది లేదు చెల్లె, పెండ్లయిన కొత్తల్ల తప్ప."

కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు సూటిగా చూసి అంది. "గా దినం సైరన్ ఇని కూడ మంగళం పాడి పోతె, మీ బాపు ఉండెటోడా?"

మా బాపు బతికిన పందొమ్మిదేళ్లూ నా కళ్ల ముందు తిరిగాయి. వాటికి ఇస్తారి చెల్లించింది ఒక్క విరిగిన భుజమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. గురువును చెల్లించాడని, ఊరు దాటే కాళ్లను చెల్లించాడని నాకు తెలియదు. తెలియక, ఆయనకు విశ్వాసం గురించి పాఠం చెప్పాను. గడప మీద కూర్చుని ఏడ్చాను. సారక్క చివరికి లోపలికి వచ్చి తనే చాయ్ పెట్టింది.

ఆమె వెళ్లగానే హర్షిణికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"టీచరమ్మా, ఇస్తారి అంటె నిజంగ మనిషేనా?" అంది.

"మనిషి కాక?"

"నేను ఆటల వేషం పేరనుకున్న. నోటుబుక్కు ఆఖరి పేజీల ఉన్నది. పక్షవాతమొచ్చినంక తాత ఎడమ చేత్తోని రాసిండు, అక్షరాలు సక్కగ లెవ్వు. ఫోటోల సదువరాదని మీకు పంపలే."

ఫోన్‌లోనే చదివి వినిపించింది. నేను మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది.

తన ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నదీ చెప్పింది. మంథనిలో ఆగిపోయినాయన కోపంతో ఆగలేదు. ఊరు చేరిన పదిహేను రోజులకే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాకిట్లో బల్ల వేయించుకుని, మందమర్రి బస్సు వచ్చే వేళకు దాని మీద కూర్చునేవాడట. "వాడు వస్తడు" అనేవాడట. ఎవడని అడిగితే చెప్పేవాడు కాదట. శిష్యుడు రావాలి, గురువు కబురు పెట్టకూడదు, అది నియమం. శిష్యుడు ఊరు దాటకూడదు, అదీ నియమమే. ఆయన అక్కడ బస్సు కోసం చూశాడు, ఈయన ఇక్కడ మనిషి కోసం చూశాడు. ఇద్దరిలో ఒక్కరు నియమం తప్పినా బాగుండేది. నాలాంటి దానికైతే ఎంతసేపు, రెండో రోజే దారం తెంపి బస్సెక్కేదాన్ని. వాళ్లు నాలాంటివాళ్లు కారు.

మంథని ప్రయాణం మానేశాం. ఆఖరి ఆదివారం మా హాల్లోనే పెట్టాం. హర్షిణి నోటుబుక్కు పట్టుకుని వస్తానంది. ఇస్తారికి ఎవరు చెప్పాలన్నది ప్రశ్న. నేనే పోయాను. వాకిట్లో జామచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నేనన్న మాట తప్పు" అన్నాను. నా జీవితంలో ఆ వాక్యం ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"మీ బాపు గూడ గింతే, కోపమెక్కువ, కడుపుల ఏముండది" అన్నాడు నవ్వుతూ. "ఫికర్ చెయ్యకుండ్రి."

"గురువుగారి మనవరాలు వస్తోంది. ఆయన మంగళం రాసిపెట్టి పోయిండు. నువ్వే పాడాలని రాసిండు."

ఇస్తారి నవ్వు ఆగిపోయింది. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. "తిట్టలేదా?" అని అడిగాడు. లేదన్నాను. "నిజం చెప్పుండ్రి, ఒక్క మాటన్న తిట్టలేదా?" అని మళ్లీ అడిగాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి గొంతు అది కాదు, బడిపిల్లవాడి గొంతు.

ఆదివారం హాలు పట్టలేదు. కిటికీల బయట కూడా నిలబడ్డారు. వేషం లేకుండా మంగళం పాడకూడదు కాబట్టి ఇస్తారి ముఖానికి పసుపు పూసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, చొక్కా మీద సారక్క ఆకుపచ్చ చీర కొంగులా వేసుకుని వచ్చాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. శంకరవ్వ వాళ్లను ఒక్క చూపు చూసింది. నవ్వులు ఆగిపోయాయి.

"గా దినం నేను ముందట్నే కూసున్న. ఆట మొదలు సూసిన, కొస సూడలే. కొస సూడక సచ్చిపోతనేమో అనుకున్న. పాడు బిడ్డా" అంది శంకరవ్వ.

ప్రేమ్‌సాగర్ ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. ఎక్కడి నుంచి మొదలుపెడతావని మాత్రం అడిగాడు. "ఆగిన కాన్నుంచే సారూ" అన్నాడు ఇస్తారి. ఎనభై ఆరులో ఆ ఆదివారం లక్ష్మి పాటలో మొదటి రెండు చరణాలే పాడాడు.

నల్లని దానను నేను నాకేమి కొరత
చల్లని చీకటి ఇంట చక్కగా నుందు

అక్కడ సైరన్ మోగింది. మూడో చరణం ఎవరూ వినలేదు. ఇప్పుడు ఇస్తారి కళ్లు మూసుకుని, చేతిలో ఏ కాగితం లేకుండా, దాన్ని అందుకున్నాడు.

తెల్లని దీపాలకెల్ల తల్లిని నేను

హాల్లో గని మనుషులే ఎక్కువ. దీపం విలువ వాళ్లకు ఒకరు చెప్పాలా? వంత అందుకోవడం కూడా మరిచిపోయి విన్నారు. పెళ్లి పాటలన్నీ అయ్యాయి. అప్పుడు హర్షిణి లేచి ఆఖరి పేజీ తీసింది. ఇస్తారికి చదవడం కష్టం కనుక ఆమె ఒక్కో చరణం చదివింది. ఆయన ఒక్కో చరణం పాడాడు.

పాతాళలక్ష్మికి మంగళం
దీపము చేబట్టి దిగు వారికి మంగళం
దిగి తిరిగి రానట్టి ఓంప్రకాశునకు మంగళం

తర్వాతి చరణం హర్షిణి చదివింది.

పాట నడుమ విడిచి ప్రాణములు తెచ్చిన
మా ఇస్తారికి జయ మంగళం

ఇస్తారి పాడలేదు. తన పేరు తను పాడుకోవాలి, ఎలా పాడతాడు? అప్పుడు నేను లేచాను. నాకు పాట రాదు, నా గొంతు బడి గంట లాంటిది. అయినా ఆ చరణం నేనే ఎత్తుకున్నాను. మా బాపు బతికి ఉంటే ఆయన పాడేవాడు కదా, ఆయన బదులు పాడాను. శంకరవ్వ వంత అందుకుంది, తర్వాత హాలంతా అందుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల ఆట అలా ముగిసింది.

పేజీ కింద రెండు వాక్యాలున్నాయి. హర్షిణి అవీ చదివింది. "ఇస్తారి వచ్చినప్పుడు ఈ మంగళము పాడించి కంకణము విప్పవలెను. నేను లేకున్న మా ఇంటివారు విప్పవలెను."

ఇస్తారి తమలపాకులు ఆమె చేతిలో పెట్టాడు. హర్షిణి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పబోయింది. ముడి మీద ముడి, దారం మీద దారం. ఒక్కటీ ఊడదు. ఎవరో బ్లేడు ఇవ్వబోతే వద్దంది. చీరల దారాలతో బతికే చెయ్యి ఆమెది, ఒక్కో పోగూ ఓపికగా విప్పింది. పావుగంట పట్టింది. ఒక్కరూ లేవలేదు. విప్పాక చూస్తే, మణికట్టు మీద అంత మేర చర్మం పాపాయి చర్మంలా తెల్లగా ఉంది. ఇస్తారి దాన్ని వింతగా తడుముకున్నాడు.

సారక్క లేచి చీర అందుకుంది. "ఇగ ఆట అయిపోయింది గద. మంథని బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగింది.

హర్షిణి ఆ సాయంత్రమే మంథని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఇస్తారి, సారక్క, నేను ముగ్గురం బయల్దేరాం. ఊరి చివర వాగు కల్వర్టు దగ్గరికి బస్సు వచ్చినప్పుడు ఇస్తారి సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. దాటాక వెనక్కి తిరిగి చూశాడు. సారక్క కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, ఏ ఊరొస్తే ఆ ఊరి పేరు చెబుతూ వచ్చింది. గోదావరి వంతెన మీద, కంకణం నీళ్లలో వదలమని ఆమె గుర్తుచేసింది. "గురువుకు సూపెట్టినంక" అని జేబు తడుముకున్నాడు.

మంథనిలో హర్షిణి వాళ్ల వాకిట్లో ఆ బల్ల ఇంకా ఉంది. ఒక కాలు కింద ఇటుక పెట్టారు. తాత ఇక్కడే కూర్చునేవాడని ఆమె చూపించింది. బల్ల మీద కూర్చోమంటే ఇస్తారి వద్దన్నాడు. చెప్పులు విడిచి, దాని ముందు నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి పసుపు దారం తీసి బల్ల మీద పెట్టాడు. రోడ్డు మీద బస్సు పోతుంటే అది పోయేదాకా ఆగి, అప్పుడు అన్నాడు.

"వచ్చిన గురువా. జర ఆలిశ్యమైంది."